మంచిర్యాలలో పగటి బువ్వ

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)

 

"మీ విజయగాథ చెప్పండి మేడం" అని నిర్వాహకులు అడిగారు. నేను బ్యాంకులో పని చేస్తున్నాను. పొద్దంతా లెక్కలు చూసుకోవడమే. అందులో గాథ ఏమీ లేదు. అందుకని మనందరికీ తెలిసిన ఒక విషయం మాట్లాడతాను. మనం శ్రీరాంపూర్ నుంచి మంచిర్యాల పోయినప్పుడు మధ్యాహ్నం ఎక్కడ తిన్నాం? ఎంత పెట్టి తిన్నాం? తినలేని రోజున ఏం చేశాం? నవ్వుతున్నారు. నవ్వండి. ఆఖర్న మాత్రం సంఘాన్ని ఒకటి అడుగుతాను, అప్పుడు నవ్వద్దు.

మన ఊళ్లో తిండి వేళలు గడియారం చెప్పేది కాదు, షిఫ్టు చెప్పేది. మొదటి షిఫ్టుకు పోయే ఇంట్లో తెల్లవారకముందే పొయ్యి వెలిగేది. మా బాపు ఆర్కే గనిలో పని. చీకట్లోనే సద్దిగిన్నె కట్టుకొని పోయేవాడు. ఆయన బాయి నుంచి పైకొచ్చి, తానం చేసి, ఇంటికొచ్చి కూర్చునేసరికి బడి వదిలే వేళ అయ్యేది. మా ఇంట్లో పగటి బువ్వ అంటే అదే. రెండో షిఫ్టయితే పన్నెండు కాకముందే తినేవాడు. రాత్రి షిఫ్టయితే మేం బడికి తయారయ్యే వేళకు వచ్చి అన్నం తిని పడుకునేవాడు. వారం వారం షిఫ్టు మారితే అమ్మ వంట వేళ కూడా మారేది. ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మందికి ఇది వాళ్ల ఇంటి కథే.

బాయి మీద క్యాంటీన్ ఉండేది. అది ఎవరో దయతలచి పెట్టింది కాదు. 250 మందికి మించి పనిచేసే గనిలో క్యాంటీన్, 50 మందికి మించితే కూర్చొని తినడానికి నీడ ఉండాలని 1952 నాటి గనుల చట్టం ఆలోచించింది. ఫ్యాక్టరీలకూ 1948 చట్టంలో ఇదే 250 లెక్క ఉండేది. పనిచేసే మనిషికి తిండి ఒక్కటే కాదు, కూర్చునే చోటు కూడా కావాలని అప్పుడే రాసిపెట్టారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

జీతం వచ్చిన తర్వాతి ఆదివారం మంచిర్యాల ప్రయాణం. బట్టలో, పుస్తకాలో, గిన్నెలో ఏదో ఒకటి కొనాలి. బస్సు దిగి అటూ ఇటూ తిరిగి, స్టేషన్ దిక్కు ఒక మీల్స్ హోటల్లో కూర్చునేవాళ్లం. ముందు కౌంటర్లో టోకెన్ తీసుకోవాలి. ప్లేట్ మీల్స్ అయితే అన్నం కొలతే. ఫుల్ మీల్స్ అయితే ఎంత తిన్నా పెట్టాలి. బాపు తనకు ఫుల్, మా ఇద్దరికీ ఒక ప్లేట్ తీసుకునేవాడు. వడ్డించే ఆయన అటు తిరగగానే తన ఆకులో అన్నం మా దిక్కు తోసేవాడు. ఒకసారి ఆ వడ్డించే ఆయన చూశాడు. మేం బిగుసుకుపోయాం. ఆయన ఏమీ అనకుండా బకెట్ తెచ్చి మా ప్లేట్లోనే ఇంకో గంటెడు వేసి, "తినుండ్రి బిడ్డా, సాలకపోతే అడుగుండ్రి" అని పోయాడు. ఆయన పేరు నాకు తెలియదు.

ఈ హోటల్ లెక్క నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. మీల్స్ హోటల్ బతికేది కూర మీద కాదు, బెంచీ మీద. మధ్యాహ్నం మూడు గంటల సేపు ఒక బెంచీ మీద ఎన్నిసార్లు మనుషులు మారితే అంత గిట్టుబాటు. అందుకే నీళ్లు ముందే పోసి ఉంటాయి, ఆకు ముందే వేసి ఉంటుంది, చారు వెంటనే వస్తుంది. మన బొగ్గుబాయి ప్రాంతం హోటళ్లకు ఇంకో లాభం ఉండేది. పన్నెండు, ఒంటిగంటకు బస్సు ప్రయాణికులు, ఆఫీసుల వాళ్లు వస్తే, వాళ్లు ఖాళీ చేశాక మొదటి షిఫ్టు దిగిన వాళ్లు వచ్చేవాళ్లు. ఒకే రోజు రెండు పగటి భోజనాలు. అందుకే తక్కువ ధరకు పెట్టగలిగేవాళ్లు.

నేను 1988లో ఇక్కడ పదో తరగతి పాసై, ఇంటర్‌కు మంచిర్యాల పోయాను. రోజూ బస్సు. అప్పుడు తెలిసింది, బాపు పక్కన ఉంటే ఒక ఊరు, ఒక్కదాన్నే ఉంటే ఇంకో ఊరు అని. బాక్సు పట్టుకుపోయేదాన్ని. అది విప్పుకొని కూర్చునే చోటు లేదు. కాలేజీ వరండాలో మగపిల్లలు. హోటల్లో కూర్చోవాలంటే ఏదైనా కొనాలి, కొన్నా సరే ఒంటరి ఆడపిల్లను అందరూ చూస్తారు. ఒకరోజు బాక్సు మరిచిపోయి, ధైర్యం చేసి ఒక హోటల్లోకి పోయాను. ముందు హాలులో అంతా మగవాళ్లే. కర్టెన్ వెనక ఫ్యామిలీ రూం ఉంది. అటు పోబోతే కౌంటర్లో ఉన్నాయన, "అది ఫ్యామిలీలకమ్మా, ఒక్కరికి కాదు" అన్నాడు. చేతిలో టోకెన్ డబ్బులు ఉన్నాయి. ఆకలి ఉంది. బయటికొచ్చేశాను.

ఆ తర్వాత రెండేళ్లు నేను పగటి బువ్వ తిన్నది రెండే చోట్ల. ఒకటి రైల్వే ప్లాట్‌ఫారం చివరి బెంచీ. గ్రాండ్ ట్రంక్ లైను కాబట్టి ఎప్పుడూ ఏదో ఒక బండి కోసం జనం ఉంటారు, బండి కోసం కూర్చున్న పిల్లలా నేనూ కూర్చునేదాన్ని. రెండోది బస్టాండ్ బయట ఇడ్లీ అమ్మే ఒక పెద్దమ్మ బండి వెనక. బోర్లించిన బకెట్ మీద కూర్చోమనేది. "నా దగ్గర కొనకున్నా సరే, నీ గిన్నె నువ్వు తిను. నీళ్లు ఈడున్నయ్" అనేది. నీళ్లు తాగడానికి మాత్రం భయపడేదాన్ని. తాగితే మళ్లీ మరుగుదొడ్డి ఎక్కడ? ఆడపిల్లలుగా ఆ రోజుల్లో చదివిన అక్కాచెల్లెళ్లకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

సెకండియర్‌లో ఉండగా బాపు జబ్బుచేసి మంచాన పడ్డాడు. నాగాలు పెరిగాయి, జీతం తగ్గింది. అమ్మ మెస్ పెట్టింది. బోర్డు లేదు, పేరు లేదు. పెళ్లికాని కార్మికులు, ఊళ్లో కుటుంబాన్ని విడిచి వచ్చిన వాళ్లు, మొత్తం పదిమంది. నెల లెక్క. అమ్మకు చదువు రాదు, రాత నాది. పూట తినకపోతే పుస్తకంలో ఏం రాయాలని అడిగితే "నాగా అని రాయి" అంది. బాయిలో పనికి రాకుంటే నాగా, మెస్‌లో బువ్వకు రాకుంటే నాగా. నా జీవితంలో నేను రాసిన మొదటి ఖాతా పుస్తకం అదే.

అమ్మ నియమం ఒకటే: ధర పెంచలేకపోతే కూర తగ్గించు, అన్నం తగ్గించకు. పప్పు పలచన చేసేది. పచ్చిపులుసు ఎక్కువ చేసేది. పుంటికూర చవకగా దొరికే రోజుల్లో వారానికి మూడుసార్లు అదే. ఆదివారం మాత్రం బగారా అన్నం తప్పేది కాదు. ఆ ఒక్కపూట లేకపోతే మనిషి వేరే మెస్ చూసుకుంటాడని ఆమెకు తెలుసు. మూడు షిఫ్టుల వాళ్లకు మూడు వేళల వంట. ఆమె తినే వేళ పుస్తకంలో ఎక్కడా లేదు.

కొందరు బాకీ పడి పోయారు. మూడు పేర్లు గుర్తు. పుస్తకం మారుస్తూ వాటిని కొట్టేయబోతే అమ్మ వద్దంది. "మళ్లొస్తే బువ్వ పెట్టద్దా?" అంది. బ్యాంకులో ఈ మాట చెబితే నా ఉద్యోగం పోతుంది.

ఇక ఇప్పటి సంగతి. మొన్న రెండు రోజుల ముందే వచ్చి మంచిర్యాలలో తిరిగాను. 2016లో జిల్లా కేంద్రం అయ్యాక ఊరు పెరిగింది. ఐబీ చౌరస్తా నుంచి బెల్లంపల్లి చౌరస్తా దాకా బిర్యానీ బోర్డులు, మండి బోర్డులు. బాగున్నాయి, నేనూ తిన్నాను. ఒంటరిగా కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. ఇది మంచి మార్పు, ఒప్పుకోవాలి. కానీ పక్క సందులో చూశాను. ఆసుపత్రిలో మనిషిని చేర్పించిన వాళ్లు మెట్ల మీద కూర్చొని పార్సిల్ విప్పుకుంటున్నారు. కర్రీ పాయింట్లో కూర కొనుక్కొని, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నంలో కలుపుకొని, ఆగి ఉన్న ఆటోలో తింటున్నారు ఇద్దరు ఆడపిల్లలు. ముప్పై ఏడేళ్లలో బకెట్ పోయి ఆటో వచ్చింది.

చవక భోజనం గురించి ప్రభుత్వాలు ఆలోచించలేదని కాదు. చెన్నైలో 2013లో అమ్మ క్యాంటీన్లు వచ్చాయి, రూపాయికి ఇడ్లీ. హైదరాబాద్‌లో 2014 మార్చిలో నాంపల్లి సరాయి దగ్గర ఐదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రలో 2018లో అన్న క్యాంటీన్లు తెరిచారు, 2019లో మూతపడ్డాయి, 2024లో మళ్లీ తెరిచారు. మన దగ్గర 2024లోనే మహిళా సంఘాలతో మహిళా శక్తి క్యాంటీన్లు పెట్టడం మొదలైంది.

లెక్క చూడండి. హైదరాబాద్ ప్లేటులో అన్నం 400 గ్రాములు అన్నారు. కిలో బియ్యం వండితే రెండున్నర కిలోల అన్నం అవుతుంది, అంటే ఆరు ప్లేట్లు. ఆరు ఐదులు ముప్పై. సన్నబియ్యం కిలో ధరే అంతకన్నా ఎక్కువ. ఇక పప్పు, కూర, గ్యాస్, కూలి ఎక్కడ? ఎవరో ఒకరు మిగతాది కడితేనే అది నడుస్తుంది, కట్టడం ఆపిన రోజు ఆగిపోతుంది. మన సంఘం అలాంటిది నడపలేదు. నడుపుతామని వేదిక మీద చెప్పి రెండో ఏడు మూసేయడం కన్నా చెప్పకపోవడమే మర్యాద.

మనం చేయగలిగింది ఇంకొకటుంది. తిండి చాలామంది తెచ్చుకుంటున్నారు. లేనిది కూర్చునే చోటు. మంచిర్యాలలో కాలేజీలకు, బస్టాండ్‌కు దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకుందాం. నాలుగు బెంచీలు, తాగే నీళ్లు, చేతులు కడుక్కునే కుళాయి, తాళం సరిగా పడే మరుగుదొడ్డి. పదకొండు నుంచి నాలుగు దాకా తెరిచి ఉండాలి. మన ఊళ్ల నుంచి రోజూ బస్సులో వచ్చే ఆడపిల్లలు, ఆసుపత్రికి వచ్చిన ఆడవాళ్లు తమ గిన్నె తాము విప్పుకొని తిని పోతారు. ఏమీ కొననక్కర్లేదు. పక్కన ఒక మహిళా సంఘం అన్నం, పప్పు, చారు అమ్ముకుంటానంటే ఒక మూల ఇద్దాం. గది శుభ్రంగా ఉంచే బాధ్యత, దానికి జీతం వాళ్లదే.

నిన్న రాత్రి ఈ మాట చెబితే ఒక మిత్రుడు, "స్వర్ణోత్సవానికి ఆర్చీ కడదామనుకుంటున్నాం కదా" అన్నాడు. కట్టండి. ఆర్చీ కింద నిలబడి ఫోటో దిగడానికి నేనూ వస్తాను. అయితే ఆర్చీకి ఒకసారి ఖర్చు, గదికి ప్రతి నెలా ఖర్చు. ప్రతి నెలా కట్టేది కష్టమని నాకు తెలుసు, బ్యాంకులో రోజూ చూస్తున్నదే. అందుకే మొదటి ఏడాది అద్దె నేను కడతాను. రెండో ఏడాదికి బ్యాచ్‌కు ఒక నెల చొప్పున పన్నెండు బ్యాచ్‌లు పేర్లు ఇవ్వాలి. ఇవాళ సభ అయ్యేలోగా రాయించండి. పుస్తకం నా సంచిలో ఉంది, గీతలు కూడా కొట్టి తెచ్చాను.

ఏ బ్యాచ్ కట్టకపోతే ఆ నెల ముందు నాగా అని రాస్తాను. పేరు మాత్రం కొట్టేయను.