క్రిస్మస్ సెలవుల్లో బహ్లా మట్టికోట



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ళలో ఒకటే చర్చ, సెలవులకి ఎక్కడికెళ్దామని. ఒమాన్‌లో పిల్లలకి ఇండియన్ స్కూళ్ళు శీతాకాలం సెలవులిస్తాయి కానీ, క్రిస్మస్‌కి ఆఫీసులు మూయరు. పెద్దవాళ్ళ చేతిలో ఉండేవి శుక్ర శనివారాలు, బాస్ మంచివాడైతే ఇంకో రోజు. ఆ కాస్త వ్యవధిలో కూడా దుబాయ్ మాల్స్ కోసం పరిగెత్తుతాం. దుబాయ్ ఎక్కడికీ పోదు లెండి. ఈసారి కారు బహ్లా వైపు తిప్పమని చెప్పడానికే ఈ ప్రసంగం.

మస్కట్ నుంచి నిజ్వా మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది. నిజ్వా దాటి 40 కిలోమీటర్లు వెళ్ళేసరికి ఖర్జూరపు తోటల మధ్య గుట్ట మీద పెద్ద కోట కనిపిస్తుంది. పునాదులు రాతివి, పైన అంతా పచ్చి ఇటుక. ఊరూ తోటలూ కలిపి చుట్టూ సుమారు 12 కిలోమీటర్ల ప్రహరీ. దాన్ని జిన్నులు ఒక్క రాత్రిలో కట్టేశాయని చెప్పుకుంటారు. పిల్లలకి ఈ ముక్క కారులోనే చెప్పేయండి, దారిలో అల్లరి తగ్గుతుంది.

క్రితంసారి మేం వెళ్ళినప్పుడు మా నాన్నగారు కూడా ఉన్నారు. మస్కట్‌లో ఆయనకి తోచదు. లిఫ్టు దగ్గర్నుంచి టీవీ రిమోట్ దాకా అన్నీ మనవలే ఆయనకి నేర్పాలి. వాళ్ళు ఆయన్ని అడిగేదంటూ ఏమీ ఉండదు. అలాంటిది కోటలో ఒక గోడ దగ్గర ఆగి, పెచ్చు లేచిన చోట గడ్డిపోచ చూపించి, "ఇదెందుకు కలిపారో చెప్పండి" అన్నారు. ఎవరికీ తెలియలేదు, నాతో సహా. మట్టి ఆరేటప్పుడు బీటలివ్వకుండా గడ్డి పట్టి ఉంచుతుందట. "మరి వానొస్తే, తాతయ్యా?" అని మా చిన్నది. "ఏముంది, ఏటా మెత్తుకోవాలి. మానేస్తే గోడ కూర్చుంటుంది" అన్నారు.

బహ్లా కథంతా ఆ ఒక్క మాటలో ఉంది. 12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం చివరిదాకా బనూ నభాన్ వంశంవారికి ఇది రాజధాని. తర్వాత మెత్తే చేతులు తగ్గాయి. 1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఒమాన్‌కి అదే మొదటిది. మరుసటి ఏడే, 1988లో, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చాల్సి వచ్చింది, వానకింత చొప్పున కరిగిపోతుంటే. మళ్ళీ మట్టితోనే, పాత పద్ధతిలో బాగుచేసుకుంటూ వచ్చారు. 2004లో ఆ జాబితా నుంచి తీశారు. జనాన్ని లోపలికి రానిచ్చింది 2012లో.

ఇది వింటే నాకు ఓరుగల్లు గుర్తొచ్చింది. దాదాపు అదే కాలంలో కాకతీయులు రాతికోట చుట్టూ మట్టికోట కట్టారు. వరంగల్ వెళ్ళినవాళ్ళం తోరణాల దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తాం. మట్టికోటని మట్టిగట్టే అనుకుని దాటిపోతాం.

బహ్లా కోటలో సామాన్లూ అలంకరణలూ పెద్దగా ఉండవు. ఖాళీ గదులు, మెట్లు, గాలి. అవి కావాలంటే అక్కడికి దగ్గర్లోనే జబ్రీన్ కోట ఉంది. 17వ శతాబ్దంలో ఇమాం బిల్అరబ్ బిన్ సుల్తాన్ కట్టించాడు, ఆయన సమాధి కూడా అందులోనే. రంగులేసిన దూలాలు చాలా బాగుంటాయి. నాకు మాత్రం ఖర్జూరాల గది నచ్చింది. నేలంతా వరసగా గాడులు. ఖర్జూరం బస్తాలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే వాటి బరువుకే పాకం కారి, ఆ గాడుల్లోంచి జాడీలోకి చేరేది. గానుగ లేదు, ఎద్దు లేదు!

తోటల్లో ఫలజ్ కాలువ చూడకుండా రాకండి. నీటివంతులు పగలు నీడని బట్టి, రాత్రి చుక్కల్ని బట్టి కొలిచేవారు. వంతులు చూసే మనిషిని అరీఫ్ అంటారు. మన ఊళ్ళలో నీరుగంటి ఉండేవాడే, అతనన్నమాట. మా పిల్లలు ఆ మాట మొదటిసారి విన్నది ఒమాన్‌లో!

బహ్లా కుండలకి కూడా పేరు. కుమ్మరి సారె మీద కుండ లేవడం, ఆవంలో కాలడం ఇప్పటికీ చూడొచ్చు. నీళ్ళు చల్లబడే జహ్లాలు, సాంబ్రాణి వేసుకునే ధూపపు పాత్రలు దొరుకుతాయి.

శుక్రవారం కోట వేళలు వేరుగా ఉంటాయి, ముందే కనుక్కోండి. పులిహోర కట్టుకెళ్ళండి, తోటల్లో నీడకి కొదవలేదు. కుండ కొనే ఉద్దేశముంటే డిక్కీలో ఒక పాత దుప్పటి పడేసుకోండి.