మందు తయారీలో మెట్లు తగ్గితే

 

మందుల కంపెనీలో నేను చేసే పనేమిటో మా ఇంట్లో వాళ్లకే సరిగ్గా తెలియదు. అందుకని మీ అందరికీ తెలిసిన బిళ్ళతోనే చెబుతాను. ఐబుప్రొఫెన్. ఒళ్లునొప్పులకు మనలో చాలామంది వేసుకునేదే.

దీన్ని కనిపెట్టిన ఇంగ్లండు కంపెనీ బూట్స్ మొదట్లో ఆరు మెట్లలో తయారు చేసేది. మెట్టు అంటే ఒక రసాయన చర్య, ఆపైన వడకట్టడం, కడగడం, ఆరబెట్టడం. ఒక్కో మెట్టులో పదో వంతు పోయిందనుకోండి. ఆరు మెట్లు దాటేసరికి నూటికి 53 మిగులుతాయి. మూడే మెట్లయితే 73. లెక్కల మాస్టారు ఎదురుగానే ఉన్నారు, తప్పుంటే ఆపుతారు.

అంతకంటే పెద్ద బాధ వ్యర్థం. పాత పద్ధతిలో ముడిసరుకులోని పరమాణువుల్లో మందులోకి చేరేవి 40 శాతమే. అందులో వాడే అల్యూమినియం క్లోరైడు పేరుకు ఉత్ప్రేరకం, కానీ తిరిగి రాదు. బస్తాలకొద్దీ పోసి, చివరికి బురదగా పారబోయాలి. మందుల ఫ్యాక్టరీల నీళ్లు వాగులో కలిస్తే ఏమవుతుందో పటాన్‌చెరు వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

1992లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, బిషప్ అనే ఊళ్లో బీహెచ్‌సీ కంపెనీ మూడు మెట్ల దారిలో తయారీ మొదలుపెట్టింది. హైడ్రోజన్ ఫ్లోరైడు, నికెల్, పల్లాడియం. ఇవి మనం బడిలో చదువుకున్న అసలైన ఉత్ప్రేరకాలు. పని చేసిపెట్టి బయటికొస్తాయి. 40 శాతం కాస్తా 77 అయింది. పక్కన పుట్టే ఎసిటిక్ ఆమ్లాన్ని కూడా పట్టి వాడుకుంటే దాదాపు 99. 1997లో దీనికి అమెరికా అధ్యక్షుడి పేరిట ఇచ్చే హరిత రసాయన పురస్కారం వచ్చింది.

అలాగని దగ్గరి దారి ప్రతిసారీ మంచిదని నేననను. హైడ్రోజన్ ఫ్లోరైడు చర్మం దాటి ఎముకదాకా పోయే పదార్థం. పల్లాడియం బిళ్ళలో మిగలకూడదు. నోటితో వేసుకునే మందు ద్వారా రోజుకు 100 మైక్రోగ్రాములు మించి ఒంట్లోకి పోకూడదు. పైగా గాజు కుప్పెలో బుద్ధిగా జరిగిన చర్య 5000 లీటర్ల రియాక్టరులో వేడెక్కి అదుపు తప్పవచ్చు. చిన్న పాత్ర చల్లారినంత త్వరగా పెద్దది చల్లారదు. ఇంట్లో నలుగురికి వండిన లెక్కన పెళ్లికి వండలేం కదా!

అందుకే మా ల్యాబులో కుర్రవాళ్లు కొత్త దారి పట్టుకొస్తే దిగుబడి ఎంతని ముందు అడగను. ఎలా చల్లారుస్తావు, ఉత్ప్రేరకాన్ని ఎలా వెనక్కి తీస్తావు, కడిగిన నీళ్లు ఎటు పోతాయి అని అడుగుతాను. విసుక్కుంటారు, పర్వాలేదు.

సభ అయ్యాక భోజనాల దగ్గర ఉంటాను. మన బడి పిల్లల్లో కెమిస్ట్రీ మీద ఇష్టం ఉన్నవాళ్లుంటే, మాస్టార్లూ, నా దగ్గరికి పంపండి.