ఇంగ్లిష్ రాకపోవడం వేరు, చదవడమే కష్టమవడం వేరు

మీ తమ్ముడో, చెల్లో, అక్కవాళ్ల బాబో ఇంగ్లిష్ మీడియంలో వెనకబడుతుంటే ఈ ఎపిసోడ్ మీకోసమే.

తెలుగు మాట్లాడే ఇంటి పిల్లాడు ఇంగ్లిష్ పాఠం చదవలేకపోతున్నాడంటే ముఖ్యంగా రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, భాష కొత్త. రెండు, డిస్లెక్సియా లాంటి లెర్నింగ్ డిసబిలిటీ. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మొదటి పిల్లాడికి "మొద్దు" అని పేరు పడుతుంది. రెండోవాడికేమో "అలవాటైతే అదే వస్తుందిలే" అంటూ ఏళ్లు గడిచిపోతాయి.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ముందు చూపు, వినికిడి టెస్ట్ చేయించండి. తర్వాత తెలుగులో ఒక కథ చెప్పి, మళ్లీ చెప్పమనండి. చక్కగా చెప్పాడా? అర్థం చేసుకోవడంలో లోటు లేదన్నమాట. ఇప్పుడు తెలుగు వాచకం చదివించండి. బాగా నేర్పినా ఒత్తులు, గుణింతాల దగ్గర ఆగిపోతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడా? అయితే సమస్య ఇంగ్లిష్ ఒక్కటే కాకపోవచ్చు.

ఇక్కడో మెలిక ఉంది. తెలుగు దాదాపు రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌లో అలా కాదు. 'కట్', 'పుట్' రెండింట్లోనూ ఉన్నది 'యు' అక్షరమే, పలకడం మాత్రం వేరు. అందుకే తెలుగులో ఎలాగోలా నెట్టుకొచ్చినవాళ్లు కూడా ఇంగ్లిష్‌లో ఇబ్బంది పడొచ్చు. కాబట్టి మన టెస్ట్ ఒక సూచన మాత్రమే. తేల్చాల్సింది నిపుణులే. వాళ్లకు రెండు భాషల సంగతీ చెప్పండి.

ఇప్పుడు హక్కుల విషయం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో లెర్నింగ్ డిసబిలిటీ కూడా ఉంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు లాంటి వెసులుబాట్ల గురించి ఆ చట్టమే చెబుతుంది. సర్టిఫికెట్ గురించి, బోర్డు రూల్స్ గురించి స్కూల్లో అడగండి. ప్రభుత్వ బడి పిల్లలైతే మండలంలోని భవిత కేంద్రంలో కూడా కనుక్కోండి.

ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. పాఠం ముందు తెలుగులో చెప్పండి. ఆ తర్వాత ఫోన్‌లో గూగుల్ లెన్స్‌తో ఇంగ్లిష్ పేజీ చదివించి వినిపించండి, వేలితో పదాలు చూపిస్తూ. రోజుకి ఐదు కొత్త మాటలు చాలు.

ఒక్కటి మాత్రం చేయకండి. ఇంగ్లిష్ కోసమని ఇంట్లో తెలుగు మానిపించకండి. వాడికి గట్టిగా ఉన్న మెట్టు అదే. దాన్ని తీసేస్తే పై మెట్టు ఎలా ఎక్కుతాడు?

ఈ వీడియో అవసరమైనవాళ్లకి పంపండి. ఉంటా మరి, బై.