రోహిణిలో నారు, ఆరుద్రలో నాటు

(బొబ్బిలిలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పాల సంఘం సమావేశంలో కూరగాయల నారు సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పాడి ఉన్న ఇంట్లో పేడ ఉంటుంది, శాల ఉంటుంది, రెండు పూటలా పాలు తీయడానికి శాలకు వెళ్ళే మనిషి ఉంటారు. నారు పెంచడానికి ముఖ్యంగా కావలసినవి ఈ మూడే. అయినా మనలో చాలామందిమి వానలు పడ్డాక సంతలో నారు కట్టలు కొని నాటుతున్నాం. ఆ నారు ఏ రకమో, ఎన్ని రోజులదో, ఏ తెగులును వెంట తెచ్చిందో మనకు తెలియదు. కాపు వచ్చే వేళకు గాని అసలు సంగతి బయటపడదు.

ఇక వాన పడ్డాక స్వయంగా విత్తనం వేసుకునేవారికి నెల రోజుల అదను పోతుంది. టమాటా నారు 25-30 రోజులకు, వంగ నారు 30-35 రోజులకు, మిరప నారు ఇంచుమించు ఆరు వారాలకు నాటుకు వస్తుంది. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. అప్పుడు విత్తితే జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వచ్చేనాటికి టమాటా, ఆ తరువాతి వారంలో వంగ సిద్ధంగా ఉంటాయి. వరి ఉభాలు ముమ్మరమై మనుషులు దొరకని రోజులకు ముందే కూరగాయల నాటు ముగించుకోవచ్చు.

అయితే రోహిణిలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఎండలో ఆరుబయట మడి కడితే గింజ మాడిపోతుంది. దాన్ని తప్పించుకున్న మొలకను తొలి జడివాన కొట్టుకుపోతుంది. చలి దేశాలలో మంచు కురిసే రోజుల్లో రైతులు ఇంటి లోపల కిటికీల దగ్గర, అద్దాల గదుల్లో నారు పెంచి, మంచు తగ్గాక బయట నాటుతారు. వారికి శత్రువు చలి. మనకు ఎండ, జడివాన. ఉపాయం మాత్రం ఒకటే, పసి మొక్కకు కొన్నాళ్ళు నీడ పట్టు చూపించాలి.

ఈ పనిలో మేము మొదటి ఏడు చేసిన తప్పులు చెబుతాం. చల్లగా ఉంటుందని మట్టి మూకుళ్ళలో విత్తి, ఇంటి లోపలి గదిలో పెట్టాం. మొలకలు త్వరగా లేచాయి, సంతోషించాం. వారం తిరగకుండానే అవి దారాల్లా సాగి, పాలిపోయి, వాలిపోయాయి. వెలుతురు చాలలేదు. మిగిలిన గింజలను శాల పక్కన విత్తి, బలం కోసమని ఆ వారం పేడనే మట్టిలో కలిపాం. రెండు పూటలా నీళ్ళు పోశాం. మొలకలు మొదట్లో మెత్తబడి, మూడు రాత్రుల్లో మడి మొత్తం పడుకుంది. అది పదిహేను రోజుల పాల డబ్బుతో కొన్న విత్తనం. ఆ ఏడు మేము కూడా సంతలో కట్టలే కొన్నాం.

మొలకలను పడగొట్టినది నారుకుళ్ళు తెగులు. నేలలో ఉండే బూజు దీనికి కారణం. ఒత్తుగా విత్తినా, నీరు ఎక్కువైనా అది చెలరేగుతుంది. పచ్చిపేడ కుళ్ళేటప్పుడు వేడి పుట్టి లేత వేళ్ళను దెబ్బతీస్తుంది. కలుపు గింజలనూ, వేరు కొరికే పురుగులనూ వెంట తెస్తుంది. కాబట్టి బాగా చివికి, నల్లబడి, వాసన లేకుండా పొడిగా రాలే గెత్తాన్నే నారుకు వాడాలి.

మా పద్ధతి ఇది. శాలకు తూర్పు వైపున తాటాకు పందిరి వేశాం. ఉదయపు ఎండ తగలాలి, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. మడి ఒక మీటరు వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు, జానెడు కంటే కొంచెం తక్కువ ఎత్తు. పందిరి వేయడానికి ముందే, ఏప్రిల్ నెలలో ఆ మట్టిని తడిపి, పల్చని తెల్ల పాలిథీన్ పట్టా పరచి, అంచులను మట్టితో మూసి నాలుగు వారాలు ఎండకు వదిలేశాం. ఆ వేడికి నేలలోని బూజు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి.

మే నెల నడుమ తొమ్మిది కిలోల చివికిన గెత్తం, ఒక కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, తడి గోనె సంచి కప్పి పది రోజులు నీడన ఉంచాం. ట్రైకోడెర్మా కూడా బూజే, కాని మేలు చేసే బూజు. ఈ ఎరువును మడిలో కలిపి, వేలెడు ఎడంతో గీతలు గీసి పల్చగా విత్తాం. మొలిచేదాకా గడ్డి కప్పి, మొలక కనిపించిన రోజునే తీసివేశాం. నీళ్ళు ఉదయం ఒక్క పూటే, చిల్లుల డబ్బాతో పోశాం.

జాగ్రత్త పడినా అక్కడక్కడ మొలకలు వాలితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయాలి. మేలు చేసే బూజును కూడా అది దెబ్బతీస్తుంది గనుక తెగులు కనిపిస్తేనే వాడాలి. ఆ మందు కలిపే డబ్బా పాల గిన్నెల దరిదాపుల్లో ఉండకూడదు. మందు నీరు కుడితిలో, మేతలో పడకూడదు. ఈ మాట పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

టమాటాకు ఆకుముడత తెచ్చేది తెల్లదోమ. 40 మెష్ నైలాన్ వలను మడి చుట్టూ, పైనా కడితే దోమ, కోళ్ళు రెండూ ఆగుతాయి. పెయ్యలు మాత్రం ఆగవు, దడి కట్టాల్సిందే.

ఆనప, బీర, పొట్ల వేళ్ళు కదిలితే తట్టుకోవు. వాటికి ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి, అడుగున రెండు చిల్లులు పెట్టి, ఒక్కో దాంట్లో రెండేసి గింజలు వేయండి. నాటేటప్పుడు ప్యాకెట్ కోసి, మట్టిగడ్డ చెదరకుండా గోతిలో దించండి.

నాటడానికి వారం ముందు నీరు తగ్గించి, రోజుకు కాస్త ఎక్కువ ఎండ చూపించాలి. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా పొలంలో పెడితే నిలవదు.

మరో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన ఉత్తరాంధ్ర తీరాన్ని తాకాయి. అలాంటి గాలివానలో పొలంలోని మొక్కను కాపాడలేం. కాని ట్రేలలో, ప్యాకెట్లలో ఉన్న నారును ఇంట్లోకి తెచ్చుకోగలం. కొబ్బరి పీచు పొడి నింపిన 98 గుంటల ట్రే ఒక్కరు ఎత్తగలిగేదే. అందుకే సెప్టెంబరులో రెండో విడత నారు పోసుకోవాలని మా సలహా. తుఫాను రాకపోతే శీతకాలపు పంటకు పనికివస్తుంది, వస్తే మళ్ళీ నాటుకోవడానికి చేతిలో మొక్క ఉంటుంది.

సంఘాలకు మా మనవి ఒక్కటే. వల, ట్రేలు ఒక్కో ఇంటికి బరువనిపిస్తే నాలుగిళ్ళు కలిసి ఒక పందిరి వేసుకోండి. గెత్తం మాత్రం ఇప్పటి నుంచే వేరుగా పోగు పెట్టి చివకనివ్వండి, దాన్ని రోహిణి నాటికి అప్పటికప్పుడు తయారు చేయలేం. పాలు పోయడానికి వచ్చినప్పుడు ఎవరి నారు నిలిచిందో, ఎవరిది పడిపోయిందో ఒకరికొకరు చెప్పుకోండి. మా నారు పడిపోయిన సంగతి దాచుకోకుండా ఈ రోజు చెప్పింది కూడా అందుకే.