చల్లదనం ఇచ్చే గడువు

పట్టా పుచ్చుకుంటున్న యువ వైద్యులారా, ఛాతీలో బృహద్ధమని వంపు తిరిగే చోట మూడు కొమ్మలు పుడతాయి. మెదడుకు రక్తం చేరేది వాటి గుండానే. ఆ వంపు ఉబ్బినా చీలినా దాన్ని తీసేసి కృత్రిమ గొట్టం కుట్టాలి. అందుకు మామూలు ప్రవాహాన్ని ఆపక తప్పదు. 37 డిగ్రీల వేడిలో రక్తం అందని మెదడు సుమారు ఐదు నిమిషాలే తట్టుకుంటుంది. 1975లో రాండాల్ గ్రీప్ బృందం ఒంటిని బాగా చల్లబరిచి, ప్రసరణను పూర్తిగా ఆపి, ఈ పని చేయవచ్చని చూపింది. అది గొప్ప మలుపు. అయితే చల్లదనం మెదడు ఆకలిని తగ్గిస్తుందే తప్ప అన్నం పెట్టదు. ఆ బృందమే 1999లో వేసిన లెక్క చూడండి: 20 డిగ్రీల దగ్గర క్షేమమైన గడువు సుమారు 21 నిమిషాలు, 15 డిగ్రీలకు దింపినా 29. మూడు కొమ్మలనూ కుట్టాల్సిన రోజు ఆ గడువు ఇట్టే అయిపోతుంది. అందుకే గుండె ఆగి ఉన్నా మెదడుకు రక్తం పారుతూనే ఉండాలంటాను. కిలో బరువుకు నిమిషానికి పది మిల్లీలీటర్ల చల్లని రక్తం దానికి సరిపోతుంది.

చల్లదనం ఒక్కదానితోనే యేల్ విశ్వవిద్యాలయ సర్జన్లు మంచి ఫలితాలు సాధించారు కదా అంటారు. నిజమే, వారి అనుభవాన్ని గౌరవించాలి. కానీ అది ఆరితేరిన చేతుల వేగం మీద నిలిచిన ఫలితం. కుట్టు అనుకున్నట్టు సాగని రోజుకు కూడా రోగికి రక్షణ ఉండాలి. మెదడుకు రక్తం పంపేందుకు ధమని నోట్లో గొట్టం పెడితే గోడనంటిన కొవ్వు రాలి పక్షవాతం తేవచ్చన్న అభ్యంతరం ఇంకా బలమైనది. చాలామంది సర్జన్లు కుడి చంక ధమని నుంచి రక్తం పంపడానికి అదొక కారణం. అప్పుడు రక్తం నేరుగా చేరేది మెదడు కుడి సగానికే; ఎడమ సగానికి అది ప్రధానంగా మెదడు అడుగున ఉన్న ధమనుల వలయం దాటి వెళ్లాలి, ఆ వలయం ఎందరిలోనో అసంపూర్ణం. మెదడులో ఆక్సిజన్‌ను చూపేందుకు నుదుటికి రెండు పక్కలా అంటించిన సెన్సర్లలో ఎడమ అంకె పడిపోతే, ఎడమ కెరోటిడ్‌లోకీ గొట్టం వేయాల్సిందే.

కృత్రిమ గొట్టం కుట్టడం పూర్తయ్యాక అందరికీ తొందర పుడుతుంది. నాకు ఎక్కువ భయం అక్కడే. మళ్లీ వేడెక్కించేటప్పుడు మూత్రాశయంలోని థర్మామీటర్ ఇంకా 34 చూపుతుండగానే మెదడు అంతకంటే వేడెక్కి ఉండవచ్చు. గుండె-ఊపిరితిత్తుల యంత్రం నుంచి ధమనిలోకి వెళ్లే రక్తం 37 డిగ్రీలు దాటకుండా, ఎంత ఆలస్యమైనా సరే, ఆ యంత్రాన్ని నడిపే పర్ఫ్యూజనిస్టు పక్కన నిలబడి ఆ అంకెనే చూడండి.