ఒకే పేజీ, పలువురి చదువు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠము)



2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన పిమ్మట మన పట్టణపు బిడ్డలనేకులు మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, పని ముగించుకొని రాత్రికి ఇల్లు చేరుచున్నారు. వారిలో కంప్యూటర్లతో పనిచేయువారును కలరు. ఆ యంత్రములలోని ఒక పొదుపు ఉపాయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

పని నడుచుచున్నంతసేపు సమాచారము కంప్యూటరు మెమరీలో ఉండును. ఆ మెమరీ పేజీలుగా విభజింపబడి ఉండును. సాధారణముగా ఒక్కొక్క పేజీ 4,096 బైట్లు. ఒకే పెద్ద యంత్రముపై పదుల కొలది వర్చువల్ మెషీన్లు, అనగా వేరువేరు కంప్యూటర్ల వలె ప్రవర్తించు ప్రోగ్రాములు, నడుచుచుండును. వాటిలో ఒకే పేజీ పదేపదే చేరి చోటు ఆక్రమించును.

2009 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6.32లో దీనికి కె.ఎస్.ఎం. అను ఏర్పాటు చేరినది. తన పేజీలను పోల్చవచ్చునని ప్రోగ్రాము ముందుగా సమ్మతి తెలుపవలెను. రెండు పేజీలు ఆమూలాగ్రము ఒక్కటేనని తేలినప్పుడే ఒక ప్రతి నుంచి, రెండవదానిని తొలగింతురు. ఏ ప్రోగ్రామైనను అందులో ఒక్క అక్షరము మార్చబోయినచో దానికి వెంటనే సొంత ప్రతి లభించును; ఇతరుల పేజీ చెదరదు. గోడమీది పటమును తరగతి అంతయు చూడవచ్చును. వ్రాసుకొనవలసి వచ్చినప్పుడు ఎవరి నోటుపుస్తకము వారిదే. ఈ పద్ధతిచే 16 గిగాబైట్ల యంత్రముపై, ఒక్కొక్కటి 1 గిగాబైటు గల 52 విండోస్ ఎక్స్‌పీ వర్చువల్ మెషీన్లను నడిపినట్లు రూపకర్తలు తెలిపియున్నారు.

ఈ పొదుపునకు వెల లేకపోలేదు. పోల్చుటకు ప్రాసెసరు శ్రమింపవలెను. అంతేకాక, పంచుకొన్న పేజీలో వ్రాయబోయినచో కొత్త ప్రతి తయారగుటకు కొంత ఆలస్యమగును. ఆ ఆలస్యమును కొలిచి పొరుగువారి మెమరీలో ఏమున్నదో పసిగట్టవచ్చునని పరిశోధకులు నిరూపించినారు. 2014లో వీఎంవేర్ సంస్థ, కోరినవారికి తప్ప, వేరువేరు వర్చువల్ మెషీన్ల మధ్య ఈ పంపకమును నిలిపివేసినది.

ఇందులో మన బడికి ఒక పాఠమున్నది. కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ ఒకే వీధిలో వినిపించు జిల్లా మనది. "లెక్కలు ఏ బడిలోనైనా లెక్కలే కదా, తెలుగు బడి వేరుగా ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ప్రయోగశాల, ఆటస్థలము, లెక్కల పటములు అందరికీ ఒక్కటే. వాటిని ఇరుగుపొరుగు బడులతో సంతోషముగా పంచుకొందము. కాని మొదటి పేజీ మాత్రమే చూచి పుస్తకమంతయు ఒకటేనని తీర్పు చెప్పరాదు. అమ్మమ్మ చెప్పిన సంగతిని ఆమె మాటలలోనే పిల్లవాడు వ్రాసిన పేజీకి రెండవ ప్రతి ఎక్కడను లేదు. దానిని తొలగించుట పొదుపు కాదు, నష్టము.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపము: సెలవు దినమున ఒక్క గంట మన కంప్యూటరు గదికి వచ్చి, మీకు తెలిసిన విద్యను మన పిల్లలకు తెలుగులో చెప్పండి. పంచుకొన్నను తరగనిది అదొక్కటే.

సెలవు.