ఒక మొక్కకు వేయి నకళ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



తాటాకు గ్రంథమునకు ఆయువు తక్కువ. చెద, తేమ, నిప్పు అను మూడింటిలో ఏదో యొకటి దానిని పొట్టన పెట్టుకొనును. అయినను భారత భాగవతములు నేటికిని నిలిచియున్నవనగా, తరతరమునను లేఖకులు నకళ్లు వ్రాయుటచేతనే. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి తాళపత్రములకు ప్రతులు వ్రాయింపకున్నచో ఎన్ని కావ్యములు చెదల పాలయ్యెడివో!

చెట్టుచేమలకును ఇట్టి లేఖకులు కలరు. వారి గంటము ఒక చిన్న చాకు. వారి తాటాకు ఒక గాజుబుడ్డి. ఈ విద్యను టిష్యూ కల్చర్ అందురు. కణజాల వర్ధనమని తెనుగు పేరు. అరటి రైతులకు ఈ మాట కొత్తది కాదు. పిలకకు బదులు బుడ్డిలో పుట్టిన మొక్కను కొని నాటుట నేడు పలుచోట్ల అలవాటైనది. అరటి సంగతి అందరెరిగినదే గనుక, పూవుల సంగతియు చెట్ల సంగతియు ఇక్కడ ప్రస్తావింపబడును.

నేటి మేఘాలయమందలి ఖాసీ కొండలలో నీలి వందా యను ఆర్కిడు పూవు కలదు. ‘వందా’ శబ్దము అమరకోశమున వనౌషధివర్గములోనిది. చెట్టుమీద మొలచునది గనుక వృక్షరుహ యనియు, చెట్టును తినునది గనుక వృక్షాదని యనియు పర్యాయములు. ఈ రెండవ పేరు మన బదనికకు తగును గాని ఆర్కిడునకు తగదు. ఆర్కిడు చెట్టు రసమును పీల్చదు. కొమ్మను ఆసనముగా మాత్రము కోరి, వ్రేలాడు వేళ్లతో గాలిలోని తేమను గ్రహించును. పర్యాయపదములు వల్లించువారు ఈ భేదమును సాధారణముగా గమనింపరు. సర్ విలియం జోన్సు సంస్కృతమునుండి గైకొన్న ఆ పేరే నేడు లోకమంతట ఆ జాతికి నిలిచినది.

ఈ నీలి పూవును 1837లో గ్రిఫిత్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1850లో జోసెఫ్ హుకరు ఏడుగురు మనుష్యులు మోయు బరువు మొక్కలను పెరికించి లండనులోని క్యూ ఉద్యానమునకు పంపెను. ప్రాణముతో చేరినవి బహు కొద్ది. పంపినవాడు మహాపండితుడు, పంపినది విద్యకొరకు. అయినను ఏడు మోపులు పోయినవి. ఇక లాభమునకై పెరికినవారి పద్దు ఎంతయో ఊహించుకొనవలసినదే.

విత్తనములు చల్లి పెంచరాదా యని ఎవరైనను అడుగవచ్చును. ఆర్కిడు విత్తనము ధూళివంటిది. పప్పుగింజలో వలె మొలకకు దాచిన అన్నము దానిలో లేదు. అడవిలో ఒక విధమైన బూజు దానిలో ప్రవేశించి ఆహారము అందించినగాని మొలవదు. ఈ రహస్యమును 1899లో ఫ్రాన్సు దేశపు నోయెల్ బెర్నార్డు కనిపెట్టెను. బూజు లేకయే, చక్కెర కలిపిన జిగురుమీద విత్తనమును మొలిపింపవచ్చునని 1922లో అమెరికాలో నడ్సన్ చూపెను. కాని విత్తనము బిడ్డయే గాని నకలు కాదు. మామిడి టెంక నాటినవానికి తల్లి రుచి దక్కునను నమ్మకము లేదు గదా. అందుకే అంటు కట్టుదురు.

నకలు తీయవచ్చునను ఊహ మొదట ఆస్ట్రియా దేశపు హాబర్లాంట్‌ది. మొక్కలోని ప్రతి జీవకణమునందును మొక్క యంతయు అణగియున్నదని ఆయన తలచి, 1902లో తన ప్రయత్నములను ప్రకటించెను. ఆయన బుడ్డిలో కణములు కొంతకాలము బ్రతికినవి, పెరిగినవి, కాని ఒక్కటియు రెండుగా చీలలేదు. ఊహ సత్యము, సామగ్రి చాలలేదు. 1939 నాటికి గాని ఫ్రాన్సులోను అమెరికాలోను ఇతరులకు కణజాలమును ఎడతెగక పెంచుట సాధ్యము కాలేదు.

సామగ్రి కూర్చుటలో ముచ్చటైన సంగతి యొకటి కలదు. 1941లో వాన్ ఓవర్‌బీక్ అను పరిశోధకుడు ఉమ్మెత్త పిండములు పెరుగక దిగులుపడుచుండగా, అక్కరకు వచ్చినది కొబ్బరినీరు! కాయలోని పిండమును పోషించు నీరు అన్యజాతి పిండమునకును పాలైనది. పిమ్మట 1957లో స్కూగ్, మిల్లర్ అను వారు రెండు విధములైన పెరుగుదల మందుల పాళ్లు మార్చినచో ఒకే ముక్కనుండి వేళ్లనైనను చిగుళ్లనైనను రప్పింపవచ్చునని తేల్చిరి. 1962లో మురాషిగె, స్కూగ్ వ్రాసిన ఉప్పుల పట్టిక నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో నున్నది.

పూలతోటలకు దీనిని తెచ్చినవాడు ఫ్రాన్సు దేశపు జార్జి మోరెల్. డేలియా మొక్కలకు వైరసు తెగులు పట్టగా, చిగురు కొనయందలి అతిసూక్ష్మమైన ముక్కకు ఆ తెగులు చేరదని గ్రహించి, 1952లో మార్టిన్ అనువానితో కూడి దానినుండి ఆరోగ్యమైన మొక్కను తీసెను. 1960లో ఆర్కిడు కొనను అట్లే పెంచగా చిన్న చిన్న గుండ్లు పుట్టినవి. వానిని కోసినకొలది మరల గుండ్లు, గుండ్లనుండి మొక్కలు. నెలకు మూడు రెట్లని లెక్కించినను పది మార్లకు ఒకటి 59,049 అగును. ధనవంతుల గాజు ఇండ్లలోని పూవు సామాన్యుల అరుగుమీదికి దిగివచ్చుటకు ఈ గుణకారమే మూలము.

అయితే బుడ్డి మొక్క అతి సుకుమారి. అన్నము చక్కెరనీరు, ఎండ దీపకాంతి. ఒక్క బూజు రేణువు లోన పడినచో అంతయు వ్యర్థము. బయటికి తీసి నేరుగా ఎండలో పెట్టినచో గంటలలో వాడిపోవును, ఆకుపై మైనపు పూత సరిగా ఏర్పడియుండదు గనుక. నీడపందిరి క్రింద తేమలో వారములకొలది అలవాటు చేయవలెను. కడియము ప్రాంతపు నర్సరీలవారికి ఈ కష్టము చెప్పనక్కరలేదు.

చెట్ల విషయము మరింత కఠినము. ముదురు చెట్టు ముక్క కోసినంతనే నల్లని రసము కారి తన్ను తానే విషపూరితము చేసికొనును. అయినను పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలవారు నూరేండ్ల టేకు చెట్ల మొగ్గలనుండి మొక్కలు తీసి ఆ వృత్తాంతమును 1980లో ప్రకటించిరి. దశాబ్దములకొకమారు పూయు వెదురును 1990లో బుడ్డిలోనే పూయించిరి.

భద్రపరచుటకు మరియొక మార్గము కలదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో చిగురు కొనలను ముంచినచో ప్రాణము నిద్రించును, కాలము ఆగిపోవును. ఢిల్లీలోని జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థలో 1986 నుండి కణజాల భాండారము కలదు. అదియు ఒక గ్రంథాలయమే, చందాదారులు మాత్రము ఇంకను పుట్టలేదు.

నకలునందు లోపములు లేకపోలేదు. లేఖకుడు అలసినచో అక్షరము జారినట్లు, పలుమార్లు కోసి పెంచిన మొక్కలలో వికారములు పుట్టును. అంతకంటె పెద్ద లోపము నకలు సరిగా నుండుటలోనే యున్నది: మూలమునకు ఏ తెగులు ప్రాణాంతకమో వేయింటికిని అదియే ప్రాణాంతకము. అడవిలో ఏ రెండు మొక్కలును ఒకటి కావు. కాబట్టి ఒక్క మొక్కనుండి లక్ష తీసినవాడు జాతిని రక్షించితినని చెప్పుకొనుట అతిశయోక్తి. లక్ష కుండీలు నింపెను, అంతే.

నీలి వందా పక్షమున మేలు జరిగినది. కేరళలో పాలోడునందలి ఉద్యాన పరిశోధన సంస్థవారు మొగ్గకొనలనుండియు ఆకుల మొదళ్లనుండియు దానిని పెంచి, తిరిగి అడవిచెట్లకు అంటించిరి. 2000లో ఆ సంగతి ప్రకటించిరి. తోటలలో పెంచినవి విరివిగా దొరకుచుండుటయు ఒక కారణముగా, వన్యజాతుల వర్తకమును అదుపుచేయు అంతర్జాతీయ ఒడంబడికలో 2004లో దానిని అతి కఠినమైన మొదటి పట్టికనుండి రెండవ పట్టికకు మార్చిరి.

మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టములో 1991లో మొక్కలకు ఆరు పద్దులు మాత్రము చేర్చిరి. వానిలో నీలి వందా యొకటి. ఆరింటిలో మరియొకటి మన తిరుపతి, శేషాచల కొండలది: ఈతచెట్టు పోలికగల పొట్టి మొక్క, మదరాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోము దొర పేర వెలసిన సైకసు. దానికి మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పెరుగుట మిక్కిలి నెమ్మది. మగ కంకులను బలమందని కోసికొనిపోవుదురు. కంకి పోయినచో ఆ యేట పుప్పొడి లేదు, పుప్పొడి లేనిదే గింజ లేదు. సైకసు జాతి మొక్కలు బుడ్డిలో పెంచుటకు ఆర్కిడు వలె సులభముగా లొంగవు. దాని మూలప్రతి ఆ కొండలమీదనే యున్నది.